నేను నేసిన రెండు వేళ్ల బట్ట

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు పెళ్లిళ్లలోనో బస్టాండులోనో కనబడితే నన్నొక మాట అడుగుతుంటారు. "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని రోజు ఏది?" అని. వాళ్లకు కావలసింది ఏదో ఒక ఘనకార్యం. నా దగ్గర అలాంటిది ఒకటే ఉంది. దానికి నాకు శాలువా కూడా కప్పారు. ఆ రోజు గురించే చెబుతాను. విని తిట్టుకుంటే తిట్టుకోండి, మీ వయసులో నేనూ పెద్దవాళ్లను తిట్టుకున్నవాణ్ణే.

మాది వేంపల్లె పక్కన నేతపని చేసే ఇల్లు. మా నాయన గుంత మగ్గం మీద, గుంతలోకి కాళ్లు దించి, జీవితమంతా కూర్చున్నాడు. నన్ను మాత్రం దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నాడె పట్టిన చెయ్యి పెన్ను పట్టదురా" అని తరిమేవాడు. నాడె అంటే మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసుకుపోయే కొయ్య ముక్క. అలా తరిమితే వచ్చి పడినవాణ్ణి చేనేత శాఖలో. కడపలో కొన్నేళ్లు, కర్నూలులో చాలా ఏళ్లు పనిచేశాను. మా ఆఫీసులో నేతోళ్ల బిడ్డను నేనొక్కణ్ణే కావడంతో నాకు కాస్త పొగరు ఉండేది. అంచు మీద బొటనవేలు రాసి ఇది చేతి మగ్గం బట్టో, మర మగ్గం బట్టో చెప్పేసేవాణ్ణి. పై అధికారులు ముచ్చటపడేవాళ్లు. నేయడం వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నా ఆఖరి సంవత్సరంలో నేత కుటుంబాలకు ఏడాదికొకసారి ప్రభుత్వం కొంత డబ్బు నేరుగా బ్యాంకులో వేసే పథకం నడుస్తోంది. ఏ పథకం అని అడగొద్దు. పేర్లు మారుతుంటాయి, మేం నింపే కాగితాలు అవే. షరతు చిన్నదే. సొంత ఇంట్లో సొంత మగ్గం ఉండాలి, అది ఆడుతూ ఉండాలి. గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికి పోయి, మనిషి మగ్గం మీద కూర్చుని ఉండగా ఫోన్లో ఫోటో తీసి పంపాలి. ఆ ఫోటోలు చూసి అర్హులో కాదో తేల్చడం నా పని.

ఈ డబ్బు మంచిదా చెడ్డదా అని మా ఆఫీసులో రోజూ పదకొండు గంటల టీకి పంచాయితీ జరిగేది. మా సీనియర్ అసిస్టెంటు కర్నూలు మనిషి. మంచివాడే, ఎవరింట్లో చావయినా ముందు తనే ఉంటాడు. డబ్బు మాట వస్తే మాత్రం నిప్పులు కక్కేవాడు.

"కూచుని తింటే కొండలైనా కరుగుతాయి సార్. పుక్కటకు దుడ్లిస్తాంటే ఇంగ పనికి పోయేదెవురు? మా చేన్లో పత్తి తీసేదానికి ఒక్క కూలి మనిషి దొరకల్యా ఈ తూరి."

మా జీపు డ్రైవరుది కోసిగి పక్క పల్లె. గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అనేవాడు. "దొరకాలంటే వాండ్లు ఊర్లో ఉండాల గదా సార్. అందరూ సుగ్గికి పోయినారు. గుంటూరు పక్క మిరపకాయలు కోస్తాండారు. దుడ్లు చూసుకోని పండుకునేటోల్లయితే, పిల్లాజెల్లా మూటలు నెత్తిన పెట్టుకోని ఏటికి పోతారు?"

"నీకేం తెల్సప్పా లెక్కలు" అనేవాడు సీనియర్ అసిస్టెంటు. కరువు భత్యం ఒక నెల ఆలస్యమైతే కాలెండరు ముందు నిలబడి రోజులు లెక్కపెట్టేదీ ఆయనే. ఆ సంగతి డ్రైవరుకు తెలుసు, నాకూ తెలుసు.

నేను మధ్యలో ఉండేవాణ్ణి. అంటే ఎక్కడా లేనని. "అర్హులకు అందాలి, అనర్హులకు అందకూడదు" అనేవాణ్ణి గంభీరంగా. ఆ మాట కాదనేవాడు ప్రపంచంలో లేడు. అందుకే అదంత తేలిగ్గా నోట్లోకి వచ్చేది.

ఒక మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని మంత్రాలయం దోవలో ఉన్న ఒక నేత ఊరి ఫోటోలు చూస్తున్నాను. నేతోళ్ల వీధిలోని ఐదు ఇళ్ల ఫోటోలు వరసగా వచ్చాయి. ఒకదాంట్లో ఒక ముసలాయన, వెనక గోడకు నీలం పట్ట. ఇంకోదాంట్లో నలభై దాటిన ఒకామె, వెనక పూల దుప్పటి. మరో రెండింటిలో ఇద్దరు అన్నదమ్ములు, వేరు వేరు గోడలు. ఐదోదాంట్లో కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దామె. అందరూ మగ్గం మీద ముద్దుగా కూర్చుని ఫోను వంక చూస్తున్నారు. ఐదింటినీ ఖాయం చేయబోయి ఆగాను.

బట్టలో ఒక గీత ఉంది. ఆకుపచ్చ చీర నేత, అందులో అడ్డంగా ఒక లావు గీత. రెండు పోగులు ఒకే దారిలో పడితే అట్లా వస్తుంది. నేసే మనిషి ఒళ్లో బట్ట చుట్టుకునే కొయ్య ఉంటుంది, ఆ కొయ్యకు సరిగ్గా నాలుగు వేళ్ల దూరంలో ఉందా గీత. రెండో ఫోటోలోనూ నాలుగు వేళ్ల దూరంలోనే ఉంది. మూడు, నాలుగు, ఐదు ఫోటోల్లోనూ అంతే. తప్పు ఎవరి మగ్గం మీదైనా పడొచ్చు. ఐదు మగ్గాల మీద ఒకే తప్పు, ఒకే చోట పడదు. మగ్గం ఒక్కటే, మనుషులు ఐదుగురు. దుప్పట్లూ పట్టలూ మార్చి వీధంతా ఒకే మగ్గం మీద కూర్చుని ఫోటోలు దిగింది.

నేనెంత సంబరపడ్డానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. సీనియర్ అసిస్టెంటును పిలిచి చూపించాను. ఆయన తొడ చరిచాడు. మా పెద్దాఫీసరు కూడా వచ్చి తెర మీదికి వంగి చూశాడు. "నేతోళ్ల బిడ్డ కళ్లండీ ఇవి! స్వయంగా వెళ్లి రిపోర్టు రాయండి" అన్నాడు. ఆ రాత్రి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను ఈ కథ.

మర్నాడు పదకొండుకల్లా ఆ వీధిలో జీపు దిగాను. ఎండ అప్పటికే ముదిరింది. ఫోటోలు తీసిన సచివాలయం అమ్మాయి ముందే వచ్చి నిలబడి ఉంది. ఉద్యోగానికి కొత్త, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏమ్మా, ఇవన్నీ ఒకే ఇంట్లో తీసినవేనా అని అడిగాను. ఇంకెవరైనా అయితే బొంకేవాళ్లే.

"అవును సార్, తాతోల్ల ఇంట్లోనే తీసినా. ఆ నలుగురికీ మగ్గాల్లేవు సార్. కానీ నేసేది వాండ్లే. మగ్గం లేకపోతే అప్లికేషనే తీసుకోదు ఆ ఫోను. నేనేం జేయాల సార్?"

"నువ్వు చేయాల్సింది రూలు చదవడం" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకుంది.

తాత అంటే ఫోటోలోని ముసలాయన. మగ్గం ఆయనది. ఆయన ఇంటికి వెళ్లాం. ఒకటే గది. సగం మగ్గానికీ, సగం మనుషులకూ. కుర్చీ తెచ్చి వేశారు. మిగతా నలుగురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. మంచినీళ్లు ఇచ్చారు, తాగలేదు. తాగితే మెత్తబడతామని, తాగకపోవడం మాకొక ఆనవాయితీ.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. వీళ్లు నేతగాళ్లే కాదని కూడా తేలిపోతే రిపోర్టు ఇంకా గట్టిగా ఉంటుందనుకున్నాను. "ఒక్కొక్కరే కూర్చుని జానెడు నేయండి, చూస్తాను" అన్నాను.

అన్నదమ్ముల్లో పెద్దవాడు కూర్చున్నాడు. జానెడు నేసి లేచాడు. తర్వాత చిన్నవాడు. తర్వాత కళ్లద్దాల పెద్దామె కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి మరీ నేసింది. ముగ్గురి చేతుల్లోనూ నాడె ఒకే చప్పుడుతో పోయివచ్చింది. నేతగాళ్లు కారనడానికి లేదు. ఆ ముగ్గురూ ఊళ్లో సావుకారి షెడ్డులో కూలికి నేస్తారని, మగ్గాలు కరువులోనో జబ్బులోనో అమ్ముకున్నారని సచివాలయం అమ్మాయి గొణిగింది.

తర్వాత ముసలాయన కూర్చున్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. నాడె వేస్తే సగంలో ఆగిపోయింది. మళ్లీ వేశాడు. రెండు వేళ్ల మేర నేసేసరికి అంచు వంకర పోయింది, పోగులు వదులుగా వేలాడాయి. నిబంధన ప్రకారం ఆ ఇంట్లో అర్హుడు ఆయనొక్కడే, నేయలేనివాడూ ఆయనొక్కడే. ఆ వింత నాకు అప్పుడే తట్టింది, పక్కకు నెట్టేశాను.

ముసలాయన లేవలేదు. వంగి, తాను నేసిన వదులు పోగుల్ని గోటితో ఒక్కొక్కటే వెనక్కి లాగుతున్నాడు. అవతలి ఊళ్లో నాకు ఇంకో తనిఖీ ఉంది, గడియారం చూసుకున్నాను.

"తాతా, ఆ పని ఇంకెవరైనా చేస్తారులే, లెయ్యి."

"అట్ల కుదర్దు సార్. తప్పు నేసిన చెయ్యే ఇప్పాల. మా ఇండ్లల్లో అంతే. ఇంగొకరు ఇప్పితే మగ్గానికి మంచిది గాదు."

మా నాయన కూడా ఈ మాట అనేవాడు. మా ఇంట్లో ఎవరి తప్పు నేత వాళ్లే విప్పాలి, అన్నం చల్లారిపోతున్నా సరే. విప్పడం పూర్తయ్యేదాకా అందరూ అలాగే నిలబడి ఉన్నారు. నాకు మాత్రం విసుగ్గా ఉంది.

చివరగా ఆమె కూర్చుంది. ఫోటోలో పూల దుప్పటి ముందు ఉన్నామె. ఆ మగ్గం మీద రోజూ నేసేది ఆమేనట. ముసలాయన నూలు తెస్తాడు, ఆమె నేస్తుంది, వచ్చింది ఇద్దరూ పంచుకుంటారు. ఆమె నేస్తుంటే నాడె కనబడలేదు, చప్పుడే వినబడింది. జానెడు బట్ట అంత బిగువుగా, అంత చదునుగా పడటం మా నాయన పోయాక నేను మళ్లీ అక్కడే చూశాను. ఆ లావు గీత నీదేనా అని అడిగాను.

"నాదే సార్. ఈ పాప వచ్చి, మగ్గం సాయం వస్తాది, ఫోటోలు తీస్తా రాండి అనె. ఆ సంతోషంలో రెండు పోగులు పడిపాయ. ఇప్పుదామంటే ఫోటోకు కూచోమనె. ఇరవై ఏండ్లయ, నా చేతిలో అట్లా తప్పు పడింది అదొక్కటే."

"మీ మగ్గం ఏమైంది?"

"మా ఆయనకు ఆపరేషనైనబ్బుడు మగ్గాలు జేసే మేస్త్రికి అమ్మితి. ఆయప్ప ఇంగెవురికీ అమ్మకుండా పెట్టినాడు నాకోసరం. ఈ దుడ్లు వస్తే తెచ్చుకుంటా. మా ఆయన బెంగుళూర్లో వాచ్‌మన్. నన్నుగూడా రమ్మంటాడు, ఇండ్లల్లో పాచిపని ఉండాదంట. నాకు పోబుద్ధి ల్యా సార్. పోతే ఈ చెయ్యి మళ్లా దీనికి రాదు." గొంతు పెంచకుండానే మళ్లీ అంది. "మగ్గముంటేనే దుడ్లంటాండారు. దుడ్లుంటేనే గదా సార్ నాకు మగ్గమొచ్చేది."

జవాబు లేనప్పుడు అధికారి గొంతు పెంచుతాడు. "అందుకని ప్రభుత్వాన్ని మోసం చేస్తారా? నేను నేతోళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. నాకే టోపీ పెడదామనుకున్నారా?" అన్నాను.

ఆమె మగ్గం మీంచి లేచి పక్కకు జరిగింది. "నేతోళ్ల బిడ్డయితే మీరూ ఒక బెత్తెడు నేసిపోండి సార్. మా మగ్గం మీద మీ చెయ్యి పడినట్లుంటాది" అంది. ఆమె ఎగతాళి చేసిందని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నిజంగానే పిలిచిందేమో అనిపిస్తుంది.

అందరూ నా వైపు చూస్తున్నారు. వెనక్కి తగ్గలేక చెప్పులు విడిచి గుంతలోకి కాళ్లు దించాను. నాడె వేశాను. అది ఎగిరి కింద పడింది. గడప దగ్గర నిలబడ్డ మా డ్రైవరు వచ్చి తీసిచ్చాడు. మళ్లీ వేశాను. కాళ్ల కింది తొక్కుడు కర్రలు ఒకదానికొకటి తగులుకున్నాయి. అంచు దగ్గర పోగు తెగితే పెద్దామె వచ్చి ముడివేసింది. మొత్తం మీద రెండు వేళ్ల మేర ఏదో నేశాను. ముసలాయనది వంకర అనుకుంటే, నాది దానికి తాత. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నా కోపం అక్కడితో దిగిపోయేది. చెమటతో లేచి చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

జీపు ఎక్కబోతుంటే వీధి మలుపులోంచి ఒకాయన రొప్పుతూ వచ్చాడు. భుజం మీద పొడుగాటి దూలం. మగ్గాలు చేసే సాయిబు మేస్త్రి. సచివాలయం అమ్మాయి ఫోను చేసినట్టుంది. దూలాన్ని జీపు ముందు దించి, టవల్తో ముఖం తుడుచుకున్నాడు.

"సార్, ఆయమ్మ మగ్గం దూలం ఇది, తక్కిన కొయ్యలు మా ఇంట్లో ఉండాయి. నాకు దుడ్లు ఇబ్బుడు వద్దు. ఎప్పుడొస్తే అబ్బుడే ఇస్తాది. వాళ్లింట్లో గుంత అట్లే ఉండాది, పలకలు కప్పుకోని పండుకుంటాంది దాని మింద. పొద్దు గుంకేలోపల నిలబెడ్తా. రేపు పొద్దన ఫోటో తీసుకోండి. ఒక్క దినం ఆగండి సార్, అంతే."

ఒక్క రోజు. జాబితా పంపడానికి నాకు ఇంకా నాలుగు రోజుల గడువు ఉంది. "మళ్లీ పరిశీలించాలి" అని రెండు ముక్కలు రాస్తే చాలు, అందుకు ఫారంలో గడి కూడా ఉంది. ఆమె గడపలో నిలబడి నావైపే చూస్తోంది. ముసలాయన చేతులు జోడించాడు. డ్రైవరు తాళంచెవి తిప్పకుండా కూర్చున్నాడు.

"తనిఖీ కోసం నిలబెట్టే మగ్గం మగ్గం కాదప్పా. దరఖాస్తు చేసిన రోజుకు ఉండాలి. రూలు అట్లా ఉంది" అన్నాను.

"రూలేమంటాది సార్? నేసేటోల్లకు ఇయ్యమంటాదా వద్దంటాదా?" అన్నాడు మేస్త్రి.

"పోనియ్యి" అన్నాను డ్రైవరుతో.

పిల్లలూ, ఎందుకలా చేశానని మీరు అడిగితే నిజం చెబుతాను. రూలు మీద నాకున్న భక్తి అందులో కొంచెమే. రిటైర్మెంటుకు ఆరు నెలలుంది, ఏ ఆడిటులోనో నా పేరు తగిలి నా పింఛను కాగితాలు ఆగుతాయని భయం ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువ, నేయలేక చెమటలు పట్టి లేచినందుకు ఆమె మీద కసి. మీకూ ఇలాంటి రోజు వస్తుంది. ఆ రోజు మీకు ఆకలేస్తూ ఉంటుంది, ఎండగా ఉంటుంది, మీరన్నది కాగితం ప్రకారం సరిగ్గానే ఉంటుంది.

దారిలో కోసిగి రాగానే డ్రైవరు జీపు నెమ్మది చేశాడు. అక్కడ బస్టాండు ముందు మూటలతో కుటుంబాలు బారులు తీరి ఉన్నాయి. వాళ్లను చూపించి, "దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు సార్" అన్నాడు. నేను వినబడనట్టు కిటికీ బయటికి చూశాను.

రిపోర్టు బ్రహ్మాండంగా రాశాను. ఐదు దరఖాస్తులూ కొట్టేశారు. మగ్గం ఇచ్చి మోసానికి సాయపడ్డాడని ముసలాయనదీ పోయింది. సచివాలయం అమ్మాయికి మెమో ఇచ్చారు. తర్వాతి సమీక్ష సమావేశంలో నన్ను వేదిక మీదికి పిలిచి, అందరూ చప్పట్లు కొడుతుంటే శాలువా కప్పారు. కూర్చున్నాక అలవాటు కొద్దీ దాని అంచు మీద బొటనవేలు రాశాను. మర మగ్గం బట్ట.

సీనియర్ అసిస్టెంటుతో ఆ మాట చెబితే పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఆ నేసేయమ్మకు ఒక దినం ఇచ్చింటే పోయేది సార్" అన్నాడు. పుక్కట దుడ్లని రోజూ తిట్టే మనిషి. నేను విస్తుపోయి చూస్తే, "నేను సోమరిపోతుల్ని తిడతా సార్, నేసేటోల్లను గాదు" అని ఫైల్లోకి తల దూర్చాడు. ఆ తర్వాత మా ఆఫీసులో పదకొండు గంటల టీ పంచాయితీ ఎందుకో చప్పబడింది.

ఆరు నెలలకు రిటైరయ్యాను. వేంపల్లెలో ఇల్లు కట్టుకున్నాను. ప్రతి నెలా మొదటి తారీఖు ఫోను మోగుతుంది, పింఛను పడిందని. ఏ పనీ చేయకుండా పడుతుంది. దాన్ని ఎవరూ ఉచితం అనరు, నేనూ అనుకోను. ఏడాదికోసారి బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. మొన్న ఫోన్లో ముఖం చూపిస్తే అది గుర్తుపట్టలేదు. కళ్లద్దాలు తీసి, వెలుతురులోకి జరిగి, మా ఆవిడ వెనక తెల్ల దుప్పటి పట్టుకుంటే అప్పుడు ఒప్పుకుంది. ఆ దుప్పటి చూశాక రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు.

మంత్రాలయం మొక్కు ఉందని మా ఆవిడ ఎప్పటినుంచో పోరుతోంది. కారు మాట్లాడుకుని వెళ్లాం. దర్శనమయ్యాక తిరుగు దోవలో ఆ ఊరు వస్తుందని నాకు తెలుసు. రెండేళ్లయింది. ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి వీధి మొదట్లో కారు ఆపించాను.

ముసలాయన గడపలోనే కూర్చుని ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. నన్ను గుర్తుపడతాడో లేదో అనుకున్నాను.

"రాండి సార్. శానా దినాలకొస్తిరి" అన్నాడు. లోపలికి కేకేసి మంచినీళ్లు తెప్పించాడు. ఈసారి తాగాను.

ఆమె గురించి అడిగాను.

"బెంగుళూరు పాయ సార్. మీరొచ్చిపోయిన నెలకే. పాచిపని చేస్తాంది. పోయిన ఉగాదికి వచ్చింటే చూస్తి. సబ్బు నీళ్లకు చేతులు పగిలినాయి. మగ్గం పక్కకు గూడా రాలా, దూరం నుంచే చూసి పాయ."

మేస్త్రి ఆ దూలాన్ని ఏడాది పెట్టుకుని, చివరికి ఎవరింటికో ద్వారబంధం చేశాడట. అన్నదమ్ములు సుగ్గికి పోయి అక్కడే ఉండిపోయారట. పెద్దామె మాత్రం ఇంకా సావుకారి షెడ్డులోనే నేస్తోందట. చెబుతూ ఎక్కడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

"మరి మీ మగ్గం మీద ఎవరు నేస్తున్నారు?"

"ఎవురూ ల్యా. ఆ మగ్గం మింద కూచుంటే కేసైతాదని వీధిలో మాట పుట్టె." లేచి గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. వెనకే వెళ్లాను. మగ్గం మీద పాత చీర కప్పి ఉంది. దాన్ని తొలగించాడు.

ఆకుపచ్చ బట్ట అలాగే ఉంది. దుమ్ము తప్ప ఏమీ మారలేదు. ముగ్గురు నేసిన మూడు జానల నేత ఒకదాని తర్వాత ఒకటి కనబడుతోంది, చెయ్యి మారిన చోటల్లా పోగును బిగించిన దెబ్బ బరువు మారింది. ఆ తర్వాత ఆమె నేసిన జానెడు. దాని పైన, చిట్టచివర, వంకర అంచుతో, ముడి వేసిన పోగుతో రెండు వేళ్ల బట్ట. ఆ మగ్గం మీద ఆఖరిసారి నేసింది నేను.

"తీసేయించొచ్చు గదా తాతా" అన్నాను.

"మీరు నేసింది మేమెట్లా ఇప్పేది సార్? పెద్దామె ఇప్పుతాననె. నేనే వద్దంటి. వస్తాడులే ఎబ్బుడో ఒకబ్బుడు అంటి."

చెప్పులు విడిచి గుంతలోకి కాళ్లు దించాను. గోటితో మొదటి పోగు పట్టుకుని లాగాను. నేయడం ఎంత రాకపోయినా విప్పడం సులువనుకున్నాను. కాదు. వంకరగా బిగుసుకుపోయిన పోగులు, ఒక్కోదాన్నీ అంచు దాకా తెచ్చి వదిలించేసరికి కళ్లు మసకలు కమ్మాయి. కన్నీళ్లో వయసో నేను విడదీసి చూడలేదు. ముసలాయన పక్కన కూర్చుని, నేను లాగిన పోగుల్ని నాడెలో పెట్టే కండెకు చుడుతున్నాడు, వణికే చేతులతో, పారేయకుండా.

ఐదు నిమిషాలని చెప్పినవాణ్ణి, గంట దాటింది. నా రెండు వేళ్ల బట్ట పూర్తిగా పోయింది. ఇప్పుడు అంచున ఆమె నేసిన జానెడు ఉంది, తిన్నగా, బిగువుగా. ఎవరైనా వచ్చి కూర్చుంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. నాడె చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకుని, మళ్లీ ఉన్నచోట పెట్టేశాను.

"అయిపాయనా సార్?" అన్నాడు ముసలాయన.

"నాది అయిపోయింది తాతా."

ఆయన పాత చీర మళ్లీ మగ్గం మీద కప్పాడు. వీధి మొదట్లో మా కారు హారన్ మోగుతోంది.